ఎనిమిది గంటల మాట

మా కినత్తుకడవులో, పొల్లాచ్చి రోడ్డు బ్రిడ్జి కింద ఒక టీ అంగడి ఉంది. మార్కెట్టుకు టమాటా దించేసి వచ్చేవాళ్ళు, షిఫ్టుకు పొయ్యేవాళ్ళు, నా మాదిరి పని లేని ముసలోళ్ళు అందరూ చేరేది అక్కడే. పోయిన నెల ఒకరోజు పొద్దున మా వీధి పిల్లోడొకడు నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వయసు ఇరవై నాలుగు. స్పిన్నింగ్ మిల్లులో పని. రాత్రి ఎనిమిదికి లోపలికి పోతే పొద్దున ఎనిమిదికి బయటికి వస్తాడు. తలలో దూది ఇంకా అట్లే ఉంది.

ఎవరో ఫోనులో ఒక వీడియో చూపించినారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ కంపెనీ పెద్దాయన సుబ్రహ్మణ్యన్ మాట్లాడింది. వారానికి 90 గంటలు పని చెయ్యాల, ఆదివారం కూడా చెయ్యాల అన్నాడు. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారు అని కూడా అన్నాడు. అంతకు ముందు 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు పడుచువాళ్ళు వారానికి 70 గంటలు చెయ్యాలన్నాడు. టీవీల్లో, ఫోనుల్లో దాని మీద ఇంకా వాదన నడుస్తానే ఉంది. అంగడిలో అందరూ నవ్వినారు. నేను మాత్రం, "ఎనిమిది గంటలకు పైన ఒక్క నిమిషం కూడా చెయ్యకూడదు, దానికోసం మనవాళ్ళు ప్రాణాలు ఇచ్చినారు" అని పెద్దగా అంటిని.

పిల్లోడు గ్లాసు కింద పెట్టి, "తాతా, కోపం చేసుకోవద్దు. ఎనిమిది గంటలు చేస్తే 450 రూపాయలు. పన్నెండు చేస్తే 650. బాడుగ, చెల్లెలి కాలేజీ ఫీజు, బండికి కంతు, ఎనిమిది గంటల కూలిలో ఏది కట్టేది? నీకు ఎనిమిది గంటలు కావాల. నాకు దుడ్లు కావాల" అన్నాడు.

నాకు జవాబు రాలేదు. టీ దుడ్లు అక్కడ పెట్టి ఇంటికి వచ్చేసినాను. మూడు నాలుగు దినాలు మనసులో అదే రొద. ఈ నెల వేరే సంగతి రాద్దామనుకున్నాను, దాన్ని పక్కన పెట్టి ఆ పొద్దు వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. వాడు ఈ పత్రిక చదవడు. వాళ్ళమ్మ చదివి వినిపిస్తుంది.

ఎనిమిది గంటలు అనే మాట మన దగ్గరికి ఎట్ల వచ్చింది అనేది ముందు చెప్తాను. అది సర్కారు ఆఫీసులో పుట్టింది కాదు. మద్రాసు పెరంబూరు దగ్గర బక్కింగ్‌హాం, కర్నాటిక్ అని రెండు పెద్ద మిల్లులు ఉండేవి, బిన్నీ కంపెనీవి. ఆ పక్కన శ్రీ వేంకటేశ గుణామృత వర్షిణి సభ అని ఒక భక్తి సభ నడిచేది. పేరు చూస్తేనే తెలుస్తుంది, పురాణం చెప్పుకునే చోటు. సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అని ఇద్దరు, చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళు, దాన్ని చూసుకునేవాళ్ళు. మిల్లువాళ్ళు పురాణం వినను వస్తా ఉండిరి. దేవుడి మాట వినను వచ్చినవాళ్ళు తమ కష్టం కూడా చెప్పుకున్నారు. మొదటి కష్టం ఏమి? సంబళం కాదు. మద్దాన్నం అన్నానికి ఇచ్చే అరగంట.

మిల్లులో పని చెయ్యని వాళ్ళకు అరగంట చాలదా అనిపిస్తుంది. చేసినవాళ్ళకు తెలుసు. మిషను వదిలి, చెయ్యి కడుక్కొని, అన్నం తెచ్చిన ఇంటావిడను గుంపులో వెతుక్కొని, నాలుగు ముద్దలు మింగి మళ్ళీ గేటు లోపలికి రావాల. ఆలస్యమైతే దండుగ.

ఆ ఇద్దరూ ఈ సంగతి తీసుకుని అనీ బెసెంట్ అమ్మ దగ్గర పత్రికలో పనిచేసే బి.పి. వాడియా అనే పార్సీ ఆయన దగ్గరికి పోయినారు. ఆయన వచ్చి విన్నాడు. 1918 ఏప్రిల్‌లో సభలు జరిగినాయి, ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మన దేశంలో సరైన పద్ధతిలో కట్టిన మొదటి కార్మిక సంఘం అని దాన్నే చాలామంది చెప్తారు. వాడియా మాట ఇంగ్లీషు. తిరు.వి.క. తమిళంలో మాట్లాడేవాడు. కిందున్న జనంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో. మన బతుకు ఎప్పుడూ ఇంతే: ఇంట్లో తెలుగు, సంఘంలో తమిళం, గేటు మీద అంటించే నోటీసు ఇంగ్లీషు.

అప్పటి చట్టం ప్రకారం, అంటే 1911 చట్టం ప్రకారం, మిల్లులో మగవాడి పని దినానికి 12 గంటలు. పిల్లోడా, నువ్వు ఇప్పుడు చేస్తావే, అదే పన్నెండు.

ఆ మరుసటి ఏడు, 1919లో, అమెరికాలోని వాషింగ్టన్‌లో దేశాలన్నీ కూర్చుని మొదటి కార్మిక మహాసభ జరిపినాయి. మన కార్మికుల తరపున ఎన్.ఎం. జోషి పోయినాడు, ఆయనకు సలహాదారుగా మన వాడియా కూడా పోయినాడు. పెరంబూరులో అరగంట అన్నం మాట విన్న మనిషి ఏడాదిన్నర తిరిగేసరికి అక్కడ కూర్చున్నాడు. ఆ సభ లోకానికంతా దినానికి 8 గంటలు, వారానికి 48 గంటలు అని తీర్మానం చేసింది. అయితే ఇండియాకు మాత్రం వారానికి 60 అని వేరేగా రాసినారు. కడుపు అందరికీ ఒకటే, గడియారం మాత్రం మనకు వేరే.

ఆ 60 గంటలు మన చట్టంలోకి 1922లో వచ్చినాయి. 1934లో 54 అయినాయి. 48 అయ్యేది 1946లో. ఆ బిల్లు తెచ్చింది అప్పుడు కార్మిక శాఖ చూస్తుండిన డాక్టర్ అంబేడ్కర్. ఆయన ఒక్క దెబ్బతో 14 గంటలను 8 చేసినాడని కొందరు ఫోనులో పంపిస్తారు. అట్ల కాదు, మెట్టు మెట్టుగా దిగింది. కడపటి మెట్టు ఆయన చేతిమీదుగా దిగింది, అది ఏమీ చిన్న పని కాదు. 1919 నుంచి లెక్క పెడితే, లోకానికి ఇచ్చిన మాట మనకు దక్కేదానికి 27 ఏండ్లు పట్టింది. దాని మీదనే 1948 ఫ్యాక్టరీల చట్టం నిలబడింది.

నడుమ ఏమి జరగలేదు? 1920లో బిన్నీ కంపెనీ వాడియా మీద హైకోర్టులో కేసు వేసింది. కార్మికులను పురికొల్పి పని ఒప్పందం తప్పించినాడని. ఆయన నోరు కట్టేసినట్లు అయ్యింది, సంఘం పని వదిలెయ్యాల్సి వచ్చింది. సంఘంలో మాట్లాడితే కోర్టుకు ఈడ్చకూడదు అనే రక్షణ 1926 ట్రేడ్ యూనియన్ చట్టంతోనే వచ్చింది. మన కోయంబత్తూరు పక్క ఎన్.జి. రామస్వామి మిల్లు మిల్లుకూ తిరిగి కూలివాళ్ళను కూడగట్టినాడు, చిన్న వయసులోనే 1943లో పోయినాడు. చిన్నియంపాళయం నలుగురు మిల్లు కార్మికులను 1946 జనవరి 8న కోయంబత్తూరు జైల్లో ఉరి తీసినారు. రామయ్యన్, వెంకటాచలం, చిన్నయ్యన్, రంగణ్ణన్. మా నైనా ఈ నాలుగు పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవాడు. నేను అంగడిలో "ప్రాణాలు ఇచ్చినారు" అన్నది ఇందుకే. అయితే ఆ పిల్లోడికి ఈ పేర్లు ఎవరు చెప్పినారు? నేను చెప్పలేదు కదా.

ఇంక మా కాలం. నేను రింగ్ ఫ్రేములో సైడర్‌గా చేరినప్పుడు మూడు షిఫ్టులు. మూడున్నరకు సంగు ఊదితే బయటికి వస్తిమి. ఎండ ఇంకా ఉంటుంది. గేటు ఎదురుగా టీ అంగడి, దాని పక్కన ఒక పడిప్పగం. పడిప్పగం అంటే పెద్ద లైబ్రరీ అనుకోవద్దు, కీత్తు పాక, రెండు బెంచీలు, మూడు పేపర్లు. నా మాదిరి ఐదో క్లాసు చదివినవాడు గట్టిగా చదివితే, చదువు రానివాడు విని మాకంటే బాగా వాదించేవాడు. బోనసు ఎంత, రష్యాలో ఏమి, పెరియార్ చెప్పింది సరేనా, దేవుడు ఉన్నాడా లేడా, ఎం.జి.ఆర్ రేషన్ బియ్యానికి ఏమి చేసినాడు. నిజం చెప్పాల్నంటే సగం మాటలు సినిమాల మీదే. కొట్లాటలు కూడా అయినాయి. కానీ ఓటీ కూలి రెట్టింపు ఇవ్వాల అని చట్టంలో ఉందని నాకు తెలిసింది ఆ బెంచీ మీదే. మేనేజరు చెప్పలేదు, మేస్త్రి చెప్పలేదు.

ఇది ఇంట్లో చెప్తే మా ఇంటావిడ, "మీకు సంగు ఊదింది, బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంటిరి. నాకు ఎవరు ఊదేది?" అని అడిగింది. ఆమె కూడా కోన్ వైండింగులో పని చేసి వచ్చి, వంట, నీళ్ళు, పిల్లలు. ఆ బెంచీ మీద ఒక్క ఆడమనిషిని కూడా నేను చూసింది లేదు. ఆ కాలాన్ని బంగారు కాలం అని రాయను చెయ్యి రాదు.

ఇంకొకటి ఒప్పుకోవాల. ఎనిమిది గంటలే అని అరిచిన నేనే, కూతురి పెండ్లి అప్పు కోసం ఒక ఏడాది డబల్ షిఫ్టులు చేసినాను. మిల్లు పేరు ఎందుకులే. వరసగా మూడో దినం, రాత్రి రెండు దాటింది, తెగిన పోగు అతికిస్తా నిలబడే కునుకు తీసినాను. ఎడమ చెయ్యి చూపుడు వేలు కొన పోయింది. "నిద్రపోతే మిల్లు ఏమి చేస్తుంది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను, నా తప్పే అని. పదారు గంటలు నిలబడిన మనిషి నిద్రపోవడం తప్పు ఎట్ల అవుతుందని అడగను నాకు చాన్నాళ్ళు పట్టింది. ఆ ఏడే నా చిన్న బిడ్డకు బడిలో ఇంట్లోవాళ్ళ గురించి రాయమన్నారంట. అమ్మ గురించి అర పేజీ రాసింది. నా గురించి ఒకే వరస: మా నైనా నిద్రపోతా ఉంటాడు.

అందుకే ఆ పిల్లోడిని తప్పు పట్టే యోగ్యత నాకు లేదు. వాడి లెక్కను మాత్రం ఒకసారి సరి చూడాల. తమ్ముడూ, కాగితం పెన్సిలు తీసుకో.

దినానికి 8 గంటలకు 450 అంటే గంటకు 56 రూపాయల 25 పైసలు. మిగిలిన నాలుగు గంటలు ఓటీ. ఓటీకి రెట్టింపు కూలి అని 1948 చట్టం 59వ సెక్షన్. 2025 నవంబరు 21న కేంద్రం అమలులోకి తెచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఓటీ రెట్టింపే. నాలుగు గంటలు రెట్టింపు అంటే ఎనిమిది గంటల కూలి, ఇంకో 450. మొత్తం 900 రావాల. నీకు వచ్చేది 650. దినానికి 250 పోతుంది. నెలకు 26 దినాలకు 6,500. నీ చెల్లెలి ఫీజు అందులో ఉంది. నువ్వు దుడ్ల కోసం పన్నెండు గంటలు చేస్తున్నానంటావు. ఆ దుడ్లలోనే పెద్ద పాలు నీకు రాలేదు.

ఇంకా ఉంది. ఓటీకి కూడా మామూలుగా మూడు నెలలకు 50 గంటలు అని ఆ పాత చట్టం హద్దు పెట్టింది. నీ ఓటీ వారానికి 24 గంటలు. రెండు వారాలకే ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తావు. మిగిలిన పది వారాలకు పైన నువ్వు చేసేది ఏ లెక్కలో ఉంది?

మిల్లు ఓనర్లు కూడా ఒక మాట చెప్తారు. కరెంటు ఛార్జీ, దూది ధర, నూలు అమ్ముడు పోకపోవడం. చిన్న మిల్లులకు అది నిజమే, మూతపడినవి మన కళ్ళ ముందరే ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో ఆగిన సర్కారు ఎన్‌టీసీ మిల్లులు ఏండ్లయినా తెరుచుకోక, పాత కార్మికులు గేటు ముందర కూర్చున్నారు. అయితే కరెంటు ఛార్జీ పెరిగితే ఈబీతో మాట్లాడుతారు, దూది ధర పెరిగితే ఢిల్లీకి పోయి మాట్లాడుతారు. కూలివాడి గంటల దగ్గర మాత్రం ఎవరితోనూ మాట్లాడేది లేదు.

ఒళ్ళు సంగతి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ రెండూ కలిసి ఒక లెక్క చెప్పినాయి. వారానికి 55 గంటలు, దానికి పైన పని చేసేవాళ్ళకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళకంటే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె జబ్బుతో పొయ్యే ముప్పు 17 శాతం ఎక్కువ. పొడుగు గంటల పనితో ముడిపడి 2016 ఒక్క ఏడాదిలో లోకంలో 7 లక్షల 45 వేల మంది పోయినారని. మన పిల్లోడిది వారానికి 72. దూది దుమ్ము లెక్క వేరే. ఆదివారం లీవు తర్వాత సోమవారం లోపలికి పోతే ఎద పట్టేస్తుంది కదా, అది మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

2023లో మన తమిళనాడులోనే ఈ గంటల మాట లేచింది. ఏప్రిల్ 21న అసెంబ్లీలో ఫ్యాక్టరీల చట్టానికి ఒక మార్పు పాసయ్యింది. దినానికి 12 గంటల దాకా పని చేయించుకోవచ్చు, వారానికి నాలుగు దినాలు చేస్తే చాలు, ఇష్టమైనవాళ్ళకే అన్నారు. సర్కారు మిత్రపక్షాలే లేచి బయటికి పోయినాయి. సంఘాలన్నీ ఒకటైనాయి. మూడు దినాలకే, 24న, దాన్ని ఆపి పెట్టినారు. మే 1న ముఖ్యమంత్రి స్టాలిన్ గారు వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. మన దేశంలో మొదటి మే దినం సింగారవేలర్ జరిపింది కూడా మద్రాసు సముద్రం ఒడ్డునే, 1923లో. సరిగ్గా నూరేండ్లు. ఆంధ్రలో కథ వేరే మాదిరి పోయింది: దినానికి 9 గంటల హద్దును 10 చేసేదానికి అక్కడి మంత్రివర్గం 2025 జూన్‌లో ఒప్పుకుంది.

బిల్లు వెనక్కి పోయిన దినం నేను సంతోషంతో పావు కిలో మైసూర్ పాక్ కొని ఇంటికి పోయినాను. దారిలో ఎవరికి ఇచ్చినా, "దేనికి?" అని అడిగినారు. మన వీధిలో 12 గంటలు చేసేవాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు, నేను లెక్క పెట్టినాను. ఒక్కరికి కూడా అట్ల ఒక బిల్లు వచ్చింది, పోయింది అని తెలీదు. ఎట్ల తెలుస్తుంది? ఎనిమిదికి బయటికి వచ్చి, స్నానం చేసి, తిని, పండుకుని, లేచి, మళ్ళీ ఎనిమిదికి లోపలికి. పన్నెండు గంటల పని గురించి మాట్లాడేదానికి టైం కావాల. పన్నెండు గంటలు పని చేసేవాడికి లేనిది అదొక్కటే.

పెరంబూరువాళ్ళూ పన్నెండు గంటలు చేసినవాళ్ళే కదా అని అడగవచ్చు. నేనూ నన్ను అడుగుకున్నాను. వాళ్ళంతా ఒకే సంగుకు లోపలికి పోయి, ఒకే సంగుకు బయటికి వచ్చినవాళ్ళు, పక్క పక్క వీధుల్లో ఉన్నవాళ్ళు, చేరుకునేదానికి ఒక సభ ఉన్నవాళ్ళు. ఈ పొద్దు మిల్లుల్లో సగం పని ఒడిశా, బీహారు నుంచి వచ్చిన పిల్లలది. మిల్లు కాంపౌండు లోపలే హాస్టలు. ఆడపిల్లలైతే వారానికి ఒకసారి అంగడికి రావాల్నన్నా వార్డెను తోడు రావాల. వాళ్ళు మన టీ అంగడికి ఎప్పుడు వస్తారు? వచ్చినా ఏ భాషలో మాట్లాడుతారు? రెండు వందల ఏండ్లకు ముందో ఎప్పుడో బయటి నుంచి వచ్చి, భాష వేరై ఇక్కడ పాదుకున్న మనకు ఆ కష్టం తెలియాల.

పోయిన ఆదివారం ఆ కాగితం, లెక్క తీసుకుని పిల్లోడి ఇంటికి పోయినాను. వాడు పండుకుని ఉన్నాడు. వాళ్ళమ్మ లేపబోతే వద్దంటిని. సంబళం స్లిప్పు ఉందా అమ్మా అని అడిగితే, స్లిప్పు ఇవ్వరు మామా, బ్యాంకులో వేస్తారు అనింది. స్లిప్పు లేకుంటే ఓటీ ఎంతని ఎట్ల తెలుస్తుందమ్మా అంటిని. ఆ మాటకు వాడే లేచి కూర్చున్నాడు. లెక్క చూసినాడు. 6,500 దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చూసినాడు.

"నేను ఒక్కడినే పోయి అడిగితే రేపు గేటు దాటనియ్యరు తాతా" అన్నాడు.

"ఒక్కడివే పోవద్దు. మన వీధిలోనే తొమ్మిదిమంది ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మా ఇంటి అరుగు మీద కూర్చుందాం. మా ఇంటావిడ టీ పెడుతుంది. ఈసారి ఆమె కూడా కూర్చుంటుంది, ఆడవాళ్ళను పిలవమని ముందే చెప్పింది."

వాడు వేళ్ళ మీద లెక్కపెట్టినాడు. ఆదివారం షిఫ్టు మారుతుంది, పగటి షిఫ్టువాళ్ళు రాత్రికి, రాత్రివాళ్ళు పగటికి. తొమ్మిదిమందిలో నలుగురికే కుదురుతుంది.

"నలుగురితో మొదలు పెడదాం" అంటిని.

"ఐదు గంటలకా? ఐదున్నర చెయ్యి తాతా, కాస్త పండుకుని వస్తాను" అన్నాడు.